పండక్కి ఊరెళ్ళని మనిషి

మూడు సోలల బియ్యం చాలే ఇల్లది. ఆ మధ్యాహ్నం ఆమె ఎనిమిది సోలలు పోసింది. గంజి పొంగి పొయ్యి మీదంతా కారి, మూత లేచి పక్కకు పడి, లోపలి అన్నం గోపురంలా పైకొస్తుంటే పెద్దమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. "ఇదేమిటే, ఊరికంతా సంతర్పణా?" అంది. ఆమె గోడకు ఆనుకుని నిలబడి, "చాలా తగ్గించే పోశానండీ" అంది. వెటకారం కాదు. నిజంగానే తగ్గించి పోసింది.

1994 వేసవి, తెనాలి. నాకు తొమ్మిదేళ్ళు, సెలవులకు పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. ఆమెకు పద్దెనిమిది నిండాయి. అంతకు వారం ముందే ఒక అనాథ బాలికల హోం నుంచి ఇంటిపనికి వచ్చింది. ఆ హోంలో నూట ఇరవై మంది పిల్లలు. వంట వంతు వచ్చినప్పుడల్లా గుండిగలో తెడ్డేసి కలియబెట్టి వండిన చేతులవి. ఉప్పు దోసిట్లో కొలవడం తెలుసు, చిటికెడు అంటే ఎంతో తెలీదు. నూట ఇరవై మందికి సాంబారు పెట్టగలదు. ఐదుగురికి చారు పెట్టమంటే చేతులు వణికేవి. ఆ సాయంత్రం మిగిలిన అన్నమంతా పులిహోర అయి వీధిలో ఆరిళ్ళకు వెళ్ళింది. మా పిల్లమూకకు ఆమె ఆ రోజే నచ్చేసింది.

తర్వాత చూస్తే ప్రతి పనీ అలాగే. చేతకాక కాదు, ఇంటి కొలత తెలియక. బట్టలు ఆరేస్తే పెద్దవన్నీ ఒక తీగ మీద, చిన్నవన్నీ ఒక తీగ మీద, పొడుగు వారీగా. గుమ్మంలో మేం విసిరేసిన చెప్పులు తెల్లారేసరికి బడిపిల్లల్లా బారు తీరి ఉండేవి. ఒక బకెట్ నీళ్ళతో మూడు నిమిషాల్లో స్నానం ముగించి బయటికొచ్చేది. ఎందుకంత తొందరని అడిగితే, "తలుపు కొట్టేస్తారుగా" అనేది. తలుపు కొట్టే వాళ్ళెవరూ ఆ ఇంట్లో లేరు. పాల ప్యాకెట్‌కు పంపితే మిగిలిన చిల్లర గుప్పిట్లో బిగించి తెచ్చి, పెద్దమ్మ చేతిలో పోసి, "లెక్క చూసుకోండి" అని చూపు దించుకునేది. పదో తరగతి దాకా చదివిన పిల్లే, కూడికలు తీసివేతలు రాక కాదు. అప్పటిదాకా డబ్బు చేత్తో పట్టుకోలేదు.

ఆమెకొక రేకుపెట్టె ఉండేది. దాని మీద తెల్ల పెయింటుతో 43. అన్నం తినే స్టీలు పళ్ళెం అడుగున మేకుతో గీకిన 43. చెంబు మీద కూడా. హోం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన ఆస్తి అదే. చాలా ఏళ్ళ తర్వాత నేనడిగాను, ఆ నంబరంటే కోపం లేదా అని. "ఎందుకమ్మా కోపం? పేరైతే నలుగురం ఉండేవాళ్ళం. నలభై మూడు నేనొక్కదాన్నే" అంది.

ఎవరూ లేరుట

ఆమె వచ్చిన రెండో రోజో మూడో రోజో పెద్దమ్మ పిట్టగోడ మీదుగా పక్కింటావిడతో అన్న మాట నాకింకా చెవిలో ఉంది. "ఎవరూ లేరుట వదినా. నెల తిరిగేసరికి వచ్చి జీతం పట్టుకుపోయే తండ్రి లేడు, పెళ్ళి చేస్తామంటూ మధ్యలో లాక్కుపోయే తల్లి లేదు. పండక్కి ఊరెళ్తానని గోల ఉండదు."

పక్కింటావిడ, "అదృష్టమే" అంది.

ఎవరి అదృష్టమన్నది ఆ వయసులో నాకు తట్టలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో, పార్కు బెంచీల మీద అదే మాట కొద్ది తేడాతో వింటుంటాను. ఇరవై నాలుగ్గంటలూ ఇంట్లోనే ఉండే మనిషి కావాలి. పిల్లలు లేనిదైతే మంచిది. మొగుడు లేకపోతే మరీ మంచిది. అసలెవరూ లేకపోతే సరే సరి. వేరే ఏ ఉద్యోగంలోనైనా మనకున్నవి చూసి తీసుకుంటారు. ఇక్కడ లేనివి చూసి తీసుకుంటారు.

ఇంటిపని చేసే మనిషికి బలం ఎక్కడ ఉంటుంది? సంఘం పెట్టుకున్న వాళ్ళు తక్కువ, పనికి కాగితం ఉండదు, ఎన్ని గంటలో ఎవరూ రాయరు. ఉన్న బలమల్లా చుట్టాలే. అమ్మకు ఒంట్లో బాగాలేదు, తమ్ముడి పెళ్ళి, మేనత్త పోయింది, ఊళ్ళో జాతర. మేడమ్‌లు విసుక్కునే ఈ సాకులే ఆమె క్యాజువల్ లీవులు, సిక్ లీవులు, అన్నీను. కోపమొస్తే మా ఊరెళ్ళిపోతా అనగలగడమే ఆమె రాజీనామా లేఖ. ఊరే లేని పిల్లకు ఈ బేరం లేదు. పైగా పని, పడక ఒకే కప్పు కింద ఉన్నప్పుడు పని మానడమంటే ఆ రాత్రికి పడక పోవడం.

పెద్దమ్మ చెడ్డది కాదు. నాకు చిక్కంతా అక్కడే. చేయి చేసుకోలేదు, ఎంగిలి పెట్టలేదు, జ్వరమొస్తే రిక్షా ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. జీతం చేతికివ్వకుండా పోస్టాఫీసులో ఆమె పేరున వేసింది. పాస్‌బుక్ బీరువాలో పెట్టి తాళం వేసింది. చివరికి పైసాతో సహా ఇచ్చింది కూడా. కానీ అయిదేళ్ళలో ఒక్కసారీ ఆమెను ఆ పోస్టాఫీసు మెట్లెక్కించలేదు. డబ్బు తీసే ఫారం ఎలా ఉంటుందో ఆమెకు ఇరవై మూడో ఏట తెలిసింది. మంచి యజమానురాలు దొరకడం ఒక్కటే ఆమెకున్న రక్షణ. అది దొరకని వాళ్ళ సంగతేమిటన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

1999లో మా అక్కయ్యకు, అంటే పెద్దమ్మ కూతురికి, పెళ్ళయి హైదరాబాద్‌లో కాపురం పెట్టినప్పుడు బీరువా, మంచం, మిక్సీలతో పాటు ఆమెనూ పంపారు. వెనకటికి జమీందారీ ఇళ్ళలో పెళ్ళికూతురితో దాసీని అరణంగా పంపేవారని చదువుకున్నాం కదా. మా వాళ్ళెవరూ ఆ మాట వాడలేదు. "తోడుగా ఉంటుంది" అన్నారు.

లండన్‌లో సీసం బిళ్ళ

అనాథాశ్రమం నుంచి తిన్నగా పరాయి వంటింట్లోకి దిగే ఈ దారి మన దగ్గర పుట్టింది కాదు. థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ లండన్ వీధుల్లో పారేసిన పసికందుల్ని చూడలేక, ఏళ్ళ తరబడి గొప్పింటి గడపలు తొక్కి, 1739లో రాజుగారి అనుమతి పత్రం తెచ్చుకున్నాడు. 1741 మార్చిలో ఫౌండ్లింగ్ హాస్పిటల్ తలుపు తెరిచింది. పేరుకు హాస్పిటల్, నిజానికి అనాథాశ్రమం. వచ్చే తల్లులు ఎక్కువై చోటు చాలకపోతే సంచిలో రంగు బంతులు వేసి తీయించారు. తెల్ల బంతి వస్తే బిడ్డకు చోటు, నల్లది వస్తే వెనక్కి, ఎర్రది వస్తే వరసలో ఎదురుచూపు. తీసుకున్న బిడ్డకు కొత్త పేరు పెట్టి, మెడలో నంబరున్న సీసం బిళ్ళ కట్టేవారు. మొదట్లో పేర్లు దాతలవే పెట్టారు. తొలి పిల్లల్లో ఒక బాబు థామస్ కోరమ్, ఒక పాప కోరమ్ భార్య పేరుతో యూనిస్ కోరమ్.

పెరిగాక మగపిల్లలు ఎక్కువగా ఓడల్లోకో పట్టాళాల్లోకో, ఆడపిల్లలు ఇళ్ళలో పనికి. దాచిందేమీ లేదు, ఆ పెంపకం ఉద్దేశమే అది. గోధుమరంగు గౌను, తెల్ల టోపీ, తెల్ల ఏప్రన్‌తో వరసలో నిలబెట్టి, పని నేర్పి, తల వంచడం నేర్పి, అప్రెంటిస్ కాగితం రాసి పంపేవారు. అలా వెళ్ళిన వాళ్ళలో మేరీ జోన్స్ అనే అమ్మాయి ఎలిజబెత్ బ్రౌన్‌రిగ్ అనే మంత్రసాని ఇంట్లో పడింది. ఆవిడ కొరడా దెబ్బలు భరించలేక 1765లో ఒక తెల్లవారుజామున తలుపు తీసుకుని పారిపోయింది. ఎక్కడికి? మళ్ళీ ఫౌండ్లింగ్ హాస్పిటల్‌కే. ఇంకో ఇల్లేదీ ఆమె ఎరగదు. ఆశ్రమం వాళ్ళు గాయాలకు మందు వేశారు, బ్రౌన్‌రిగ్ మొగుడికి ఒక హెచ్చరిక లేఖ రాయించారు, అమ్మాయిని ఆ ఒప్పందం నుంచి విడిపించారు. కేసు పెట్టలేదు. రెండేళ్ళ తర్వాత అదే ఇంట్లో మేరీ క్లిఫర్డ్ అనే ఇంకో పేదపిల్ల దెబ్బలతో చచ్చిపోయింది. అప్పుడుగానీ లోకం మేల్కోలేదు. బ్రౌన్‌రిగ్‌ను 1767 సెప్టెంబరులో టైబర్న్‌లో ఉరి తీశారు.

నాకు ఉరి కన్నా ఆ లేఖే ఎక్కువ గుర్తుంటుంది. పిల్ల వీపు చూసిన పెద్దమనుషులు ఒక ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నారు. అదే వీపు ఎవరి కూతురిదో అయ్యుంటే ఆ తండ్రి ఉత్తరంతో ఆగేవాడా?

చార్లెస్ డికెన్స్ కొన్నాళ్ళు ఆ సంస్థకు దగ్గర్లోనే కాపురమున్నాడు. 1855-57లో వచ్చిన 'లిటిల్ డోరిట్' నవలలో అక్కణ్ణుంచి తెచ్చుకున్న ఒక పనిపిల్లను పెట్టాడు. అసలు పేరు హ్యారియెట్. ఇంటివాళ్ళు ముద్దు చేసి చేసి టాటీకోరమ్‌గా మార్చేశారు. వాళ్ళూ మా పెద్దమ్మలాగే మంచివాళ్ళు. ఆ పిల్లకు కోపమొస్తే ఇరవై అయిదు అంకెలు లెక్కపెట్టమంటారు. కోపమెందుకొచ్చిందని మాత్రం అడగరు.

పద్దెనిమిది నిండిన రోజు

మన హోంలలో ఉండే పిల్లలందరూ అమ్మానాన్నా లేని వాళ్ళు కారు. తండ్రి పోయి తల్లి సాకలేక చేర్చిన వాళ్ళు, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మిగిలిపోయిన వాళ్ళు, తాగుడు ఇంట్లోంచి వచ్చిన వాళ్ళు చాలామంది. వీళ్ళకు వేసవి సెలవులకైనా ఎవరో ఒకరు వస్తారు. నలభై మూడుకు ఎవరూ రాలేదు. వేసవిలో ఖాళీ అయిన పెద్ద హాల్లో పదిమంది కన్నా ఎక్కువ మిగిలేవారు కాదట. "అప్పుడు ఫ్యాన్ కింద చోటు దొరికేది" అని నవ్వుతుంది.

ఇప్పటి చట్టం అప్పటికన్నా నయం. 2015 నాటి బాల న్యాయ చట్టం పద్దెనిమిది నిండి హోం వదిలిన పిల్లలకు తర్వాతి సంరక్షణ ఉండాలని గుర్తించింది. ఇరవై ఒకటి దాకా, తప్పనిసరైతే ఇరవై మూడు దాకా సాయం చేయొచ్చని నిబంధనలు చెబుతున్నాయి. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అయితే చట్టంలో ఆ సెక్షన్ చదివితే క్రియాపదం దగ్గర ఆగిపోతాం. 'ఇవ్వాలి' అని లేదు, 'ఇవ్వవచ్చు' అని ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆఫీసుకెళ్ళి, దరఖాస్తు పెట్టి, మళ్ళీ మళ్ళీ తిరిగి ఆ 'వచ్చు'ను 'వచ్చింది' చేసుకోవాలి. మామూలు ఇళ్ళలో ఇలాంటి ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారు? నాన్నో మేనమామో.

మన రెండు రాష్ట్రాల్లో చాలామందికి తెలియని ఇంకో సంగతి ఉంది. వెనకబడిన తరగతుల జాబితాలో ఏ గ్రూపులో, కులాల పేర్ల మధ్య, అనాథ పిల్లలు కూడా ఉన్నారు. పదేళ్ళు నిండకముందే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, చూసే దిక్కులేక, ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న ఆశ్రమాల్లో చేరిన వాళ్ళకు బీసీ-ఏ సర్టిఫికెట్ రావాలి. ఈ మాట నేను చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "అప్పుడెవరైనా చెప్పుంటే టీచర్ ట్రైనింగ్‌కి పెట్టేదాన్నేమో" అంది చివరికి. అప్పట్లో ఆమెకు అది దక్కేదో లేదో నాకు తెలియదు గనక నేనూ ఏమీ అనలేదు. హోంలో ఆమెకు నేర్పినవి కుట్టు, అల్లిక, వంట. పదో తరగతి లెక్కల్లో పోయాక మళ్ళీ ఫీజు ఎవరు కడతారన్న ప్రశ్న వచ్చింది. జవాబు రాకముందే మా పెద్దనాన్న స్నేహితుడి ద్వారా పని వచ్చింది.

ఇక ఇంటిపని చట్టాల కథ. ఇంటి పనివాళ్ళ కోసం పార్లమెంటులో 1959లోనే ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఇళ్ళలో పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచి నేరం. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివాళ్ళ కోసం 189వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మనుషులకంటూ ఒక చట్టం అవసరమేమో పరిశీలించమని కేంద్రానికి చెప్పింది. కాగితాలు లేవని కాదు. లేబర్ ఇన్‌స్పెక్టర్ ఫ్యాక్టరీ గేటు తోసుకుని లోపలికి వెళ్ళగలడు, మూడో అంతస్తు ఫ్లాటు కాలింగ్ బెల్ ఎవరు నొక్కుతారు? తలుపు వెనక ఉన్న మనిషి గొంతెత్తితే వినపడాలి. గొంతెత్తడం నేర్పని చోట పెరిగింది ఈ మనిషి. నూట ఇరవై మంది ఒకేసారి మాట్లాడకుండా చూడటమే హోం క్రమశిక్షణ. వార్డెన్‌ను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఒక్క మనిషి నూట ఇరవై మందిని ఇంకెలా పెంచుతుంది?

ఒక ఊరు పెట్టుకో

2004లో ఆమె మా అక్కయ్య వాళ్ళింట్లోంచి బయటికొచ్చింది. గొడవేమీ కాదు. పిల్లలు బడికెళ్ళే వయసుకొచ్చారు, ఫ్లాటు చిన్నది, బాల్కనీ పక్క స్టోరు గదిలో ఆమె పడుకునే చోటికి వాషింగ్ మెషిన్ వచ్చింది. బోరబండలో ఇంకో పనామెతో కలిసి గది తీసుకుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆ పనామే ఆమెకు అసలు బడి. గ్యాస్ ఎలా బుక్ చేయాలి, కూరగాయలు ఎక్కడ గీచి బేరమాడాలి, గిన్నెలకింత బట్టలకింత అని విడివిడిగా ఎలా మాట్లాడాలి, ఏ మేడమ్ దగ్గర అడ్వాన్సు తీసుకోకూడదు, అన్నీ ఆవిడే చెప్పింది. రేషన్ కార్డు రాసేవాడు ఇంటిపేరు అడిగితే ఆమె బిత్తరపోయింది. బడి సర్టిఫికెట్‌లో ఉన్న పొడి అక్షరం మేట్రన్ గారిదట. ఆ ఏడాది చేరిన ఆరుగురు పిల్లలకీ అదే అక్షరం. లండన్ పిల్లలకు దాతల పేర్లు పెట్టారని చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ సంగతే.

ముప్ఫై దాటాక కువైట్ మాట కూడా వచ్చింది. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకు ముప్ఫై నిండాలన్నది మన ప్రభుత్వం పెట్టిన నియమం. కడప, గోదావరి జిల్లాల నుంచి ఖాదిం వీసాల మీద, అంటే ఇంటిపని వీసాల మీద, వెళ్ళిన వాళ్ళ కథలు మనకు కొత్త కాదు. ఏజెంటు ఆమె వివరాలన్నీ విని, "ఎవరూ లేకపోతే ఇంకా మంచిది, మధ్యలో వచ్చేస్తానని ఏడవవు" అన్నాడట. పిట్టగోడ మీద పెద్దమ్మ అన్న మాటే. అక్కడికీ పాస్‌పోర్టు కాగితాల దగ్గర తండ్రి పేరు గడి అడ్డు పడింది. అనాథలు కనీసం పుట్టిన తేదీనైనా ఆశ్రమం పెద్ద ఇచ్చే ధ్రువపత్రంతో చూపించుకోవచ్చని నిబంధన సడలించింది 2016 డిసెంబరులో. ఆమె మాత్రం గడి కోసం ఆగలేదు. "వెళ్ళాక బాగాలేకపోతే పారిపోయి ఎవరింటికి రావాలమ్మా?" అనుకుని మానేసింది. మేరీ జోన్స్ సంగతి ఆమెకు తెలియదు.

ఇప్పుడు ఆమెకు యాభై. నాలుగిళ్ళలో పని, సాయంత్రం అయిదింటికి తన గది తాళం తనే తీసుకుంటుంది. పెళ్ళి చేసుకోలేదు. నేను 'నువ్వు' అంటాను, ఆమె 'మీరు' అంటుంది. మార్చమని ఎన్నిసార్లు చెప్పినా మారలేదు, ఇక నేనూ వదిలేశాను. మొన్న వెళితే భోజనానికి కూర్చోబెట్టింది. ఇద్దరికి వండిన అన్నం నలుగురికి సరిపోయేలా ఉంది. మిగిలింది పక్కగది పిల్లలు వచ్చి తిన్నారు. వాళ్ళకిది అలవాటులా ఉంది, పళ్ళేలు వాళ్ళే తెచ్చుకున్నారు.

గదిలో చేరిన కొత్తలో శ్రీకాకుళం ఆవిడ ఇంకొక మాట చెప్పిందట. "నీకెవరూ లేరని ఎక్కడా అనకు. ఒక ఊరు పెట్టుకో." ఈమె ఆలోచించి, ఎప్పుడో బస్సు బోర్డు మీద చదివిన పేరు పెట్టుకుంది. రేపల్లె. అక్కడొక అన్న, వదిన, ఇద్దరు పిల్లలు. వదినకు మోకాళ్ళ నొప్పులు. ఇరవై ఏళ్ళుగా ఏటా సంక్రాంతికి నాలుగు రోజులు ముందే చెప్పి సెలవు పెడుతుంది. నాలుగిళ్ళలో ఎవరూ కాదనరు, పండక్కి ఊరెళ్ళొద్దని ఎలా అంటారు? ఆ నాలుగు రోజులూ ఫోను ఆపేసి, గదిలో ఫ్యాను కింద పడుకుని, ఆకలైనప్పుడు లేచి వండుకుంటుంది. ఏడేళ్ళ కిందట అన్నకు చిన్న ఆపరేషన్ కూడా అయింది. వారం సెలవు ఇచ్చారు.

ఒక మేడమ్ ఏటా రేపల్లె ఎండురొయ్యలు తెమ్మంటుందట. ఈమె బోరబండలో కొని, పాత న్యూస్‌పేపర్లో చుట్టి తీసుకెళ్తుంది. "మీ వైపు రొయ్యల రుచే వేరు" అంటుందట ఆవిడ.

ఇదంతా రాస్తే ఆ మేడమ్ ఆదివారం పేపర్లో చదివేస్తుందేమో అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది.

"ఊరి పేరు మార్చి రాయండమ్మా" అంది.

మార్చాను.